మనం చెయ్యెత్తింది పాటకా, మోతకా?



పోయిన సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం అయింది. మన ఇళ్లల్లో అవ్వలు పాడిన మేలుకొలుపులు, నలుగు పాటలు, గొబ్బిపాటలు, జోలపాటలు, మంగళహారతులు, అప్పగింత పాటలు, అన్నీ కలిపి నలభై, స్టూడియోవాళ్లు మిక్సింగు చేసి ఇచ్చిన రూపంలోనే ఉగాదికి విడుదల చేయాలని. దాని కిందనే ఇంకొక వాక్యం కూడా మినిట్స్ పుస్తకంలో చేరింది. ఉగాది అయినాక అసలు రికార్డింగులను దాచి పెట్టనక్కరలేదు, తీసేయవచ్చు అని.

ఈ రెండు మాటలనూ మేము ఒప్పుకోవడం లేదు. మేము అంటే రికార్డరు సంచీలో వేసుకుని పెరంబూరు నుంచి తిరుత్తణి దాకా ఇల్లిల్లూ తిరిగి ఆ పాటలు పట్టుకొచ్చినవాళ్లం. పొడుగ్గా ఉందని కిందికి జరిపేయకండి. నిదానంగా చదవండి. ఇది ఒక మనిషి మీద కోపం కాదు. ఒక తీర్మానం మీద అభ్యంతరం.

స్టూడియో నుంచి వచ్చిన పాటల మీద గొప్పగా ఒక ముద్ర వేసినారు. "వింటేజ్ ఆప్టికల్ కంప్రెషన్‌తో మిక్స్ చేయబడినది." సభలో ఆ మాట చదివినప్పుడు చాలామంది తల ఊపినారు. అదేమిటని ఎవరూ అడగలేదు. అడగకపోవడం తప్పు కాదు, అది మన పని కాదు గదా అనుకుంటాము. కానీ ఓటు వేసేముందు అది తెలిసి ఉండాలి. అందుకని మొదట అది చెప్తాము.

పెళ్లి పందిట్లో మైకుసెట్టు దగ్గర ఒక కుర్రవాడు కూర్చుని ఉంటాడు. పాడేవాళ్లు గొంతెత్తితే వాల్యూము తగ్గిస్తాడు, గొంతు దించితే పెంచుతాడు. ఆ చేతి పని తనంతట తాను చేసే యంత్రమే కంప్రెసర్. జాస్తిగా వచ్చినదాన్ని అణుస్తుంది. అణిచిన తర్వాత మొత్తం ధ్వనిని మళ్లీ ఎత్తుతారు. దానితో పెద్దదానికీ చిన్నదానికీ మధ్య ఉన్న తేడా తగ్గుతుంది. ఇంతే దాని సంగతి.

అందులో ఆప్టికల్ అనేది ఒక రకం. దీనికి పెద్దన్న వంటిది అమెరికాలో, కాలిఫోర్నియాలోని పాసడేనాలో, జిమ్ లారెన్స్ అనే ఇంజినీరు 1960ల మొదట్లో తయారుచేసిన టెలిట్రానిక్స్ ఎల్‌ఏ-2ఏ. ఆయన రేడియో మనిషి. ప్రసారం నడిచినంతసేపూ వాల్యూము మీద చెయ్యి పెట్టుకుని కూర్చునే బాధ తప్పించాలని చేసినాడు. 1967లో బిల్ పుట్నమ్ కంపెనీ చేతికి వచ్చింది. అక్కడి నుంచి స్టూడియోలన్నింటికీ ఇష్టమైన వస్తువు అయిపోయింది.

దాని పనితీరు చక్కనిది. లోపలికి వచ్చిన ధ్వని ఒక చిన్న పలకను వెలిగిస్తుంది. ధ్వని పెద్దదైతే వెలుగు పెద్దది. ఆ వెలుగును ఎదురుగా ఉన్న కాడ్మియం సల్ఫైడు సెల్లు ఒకటి చూస్తా ఉంటుంది. వెలుగు పెరిగేకొద్దీ ఆ సెల్లు అడ్డు తగ్గుతుంది, ధ్వనిలో కొంత భాగం పక్కకు పోయి, బయటికి వచ్చేది తగ్గుతుంది. పాటను దీపం చేసి, ఆ దీపం చూసి పాటను సర్దడం. బయట రెండే నాబులు. ఎంత అణచాలి అన్నదానికి ఒకటి, అణిచినాక ఎంత ఎత్తాలి అన్నదానికి ఒకటి. ఎంత అణుగుతున్నదో చూపడానికి ఒక ముల్లు ఉన్న మీటరు.

ఇంకొక విశేషం దాని నిదానం. ధ్వని వచ్చిన సుమారు 10 మిల్లీ సెకన్లకు గాని అణచడం మొదలు కాదు. అణచినదాన్ని వదిలేటప్పుడు సగం దాకా సుమారు 60 మిల్లీ సెకన్లలో వదులుతుంది. మిగతా సగానికి అర సెకను నుంచి కొన్ని సెకన్లు పడుతుంది. ఎంతసేపు, ఎంత గట్టిగా అణచబడితే తేరుకోవడం అంత ఆలస్యం. ఎండలోంచి ఇంట్లోకి వచ్చినవాడికి కాసేపు చీకటిగా ఉండి, మెల్లగా గది కనిపించినట్లు. ఈ నిదానం వల్లనే ఒంటి గొంతు మీద అది పెట్టినట్టు తెలియదు. మృదువుగా పనిచేస్తుంది.

కాబట్టి మొదటనే చెప్పేస్తున్నాము. మా గొడవ ఆ పెట్టెతో కాదు. ఇప్పుడది పెట్టె కూడా కాదు, కంప్యూటరులో దానికి నకలుగా చేసిన ప్లగిన్. మంచి పనిముట్టు. మా గొడవ మూడింటితో. ఎంత వేసినారు, దేని మీద వేసినారు, ఏ పేరు చెప్పి వేసినారు.

ఎంత వేసినారు?

మేము స్టూడియోకు పోయి, వాళ్ల తెర మీదనే చూసినాము. మీటరు ముల్లు పాట మొదలయినప్పుడు 12 డెసిబెల్ దగ్గరికి పడింది, పాట అయిపోయేదాకా అక్కడక్కడే ఊగింది. సున్నా దగ్గరికి ఒక్కసారైనా రాలేదు. ఇది సర్దడం కాదు, తొక్కి పెట్టడం. ఒంటి గొంతుకు రెండు, మూడు డెసిబెల్ చాలు. గట్టి మాట వచ్చినప్పుడు ముల్లు కదలాలి, మెత్తని మాట వచ్చినప్పుడు సున్నాకు పోవాలి. ముల్లు ఇంటికి రాకపోతే ఆ పాటలో మెత్తని మాట అనేదే లేకుండా పోయిందని అర్థం.

12 డెసిబెల్ అణిచి 12 డెసిబెల్ ఎత్తితే ఏమవుతుంది? గట్టిగా పాడినచోట పెద్దగా తేడా తెలియదు. పాట ఆగినచోట తెలుస్తుంది. అణచడానికి అక్కడ ఏమీ లేదు, ఎత్తడం మాత్రం ఉంది. వోల్టేజీ లెక్కలో 12 డెసిబెల్ అంటే నాలుగింతలు. అగ్ని నక్షత్రం రోజుల్లో రికార్డు చేసిన పాటలు కొన్ని ఉన్నాయి. ఎనభై దాటిన మనిషిని ఆ ఎండల్లో ఫ్యాను ఆపి కూర్చోబెట్టడానికి మనసు రాలేదు. మా అసలు రికార్డింగులో ఆ ఫ్యాను ఎక్కడో వెనుక ఉంది. స్టూడియో పాటలో అవ్వ ఊపిరి పీల్చుకోవడానికి ఆగినప్పుడల్లా ఫ్యాను ముందుకు వచ్చి పాడుతోంది.

అప్పగింత పాట వినండి. కూతుర్ని అత్తవారింటికి పంపే పాట అది. చివరి చరణాలకు వచ్చేసరికి పాడేవాళ్ల గొంతు తనంతట తాను దిగిపోతుంది. పక్కన కూర్చున్నవాళ్లు ముందుకు వంగి వింటారు. ఆ దిగడమే ఆ పాట. ఇప్పుడు స్టూడియో చేతిలో పడి ఆ చివరి చరణాలు మొదటి చరణాలంత గట్టిగా వస్తున్నాయి. రైల్వే ప్లాట్‌ఫారం మీద అనౌన్సుమెంటు మాదిరి, మొదలూ చివరా ఒకటే ఎత్తు. అందరూ పల్లకీ ఎక్కితే మోసేవాళ్లెవరు? అన్ని మాటలూ పెద్దవైతే పెద్ద మాట ఏది?

దేని మీద వేసినారు?

ఇది ఇంకా పెద్ద తప్పు. మేము రెండు మైకులు పెట్టినాము. ఒకటి పాడే అవ్వ దగ్గర, ఇంకొకటి చుట్టూ చేరి అందుకునే ఆడవాళ్ల కోసం. రెండు ట్రాకులూ విడివిడిగా ఇచ్చినాము. విడివిడిగా ఇచ్చినది ఎందుకు? దేనికి కావలసినది దానికి చేయమని. వాళ్లు రెండింటినీ కలిపేసి, కలిపినదాని మీద కంప్రెసర్ పెట్టేసినారు.

గొబ్బిపాటలో ఏమైందో చూడండి. గొబ్బిపాటకు చప్పట్లు ఉంటాయి. చప్పట్ల చప్పుడు కన్ను మూసి తెరిచేలోపల పైకి లేచి పడిపోతుంది. ఆప్టికల్ కంప్రెసర్ నిదానమైనది అని చెప్పినాము గదా. అది కళ్లు తెరిచేసరికి చప్పట్లలో పదునైన ముక్క దాటిపోయి ఉంటుంది. అప్పుడు అణచడం మొదలుపెడుతుంది. అప్పటికి అక్కడ మిగిలింది ఎవరు? పాడుతున్న అవ్వ. కొట్టినవాడు పారిపోయినాక వీధిలో నిలబడినవాడిని పట్టుకున్నట్టు, చప్పట్లు చేసిన గోలకు శిక్ష గొంతుకు పడింది. పైగా వదలడానికి సగం పాళ్లు సెకన్లు పడుతుంది. అది వదిలేలోపల ఇంకొక చప్పట్టు. పాట పొడుగునా అవ్వ గొంతు నీళ్లలో మునిగి లేస్తున్నట్టు ఉంది.

ఇంకొక సంగతి. చప్పట్టు ఎక్కడ పడుతుంది? తాళం మీద. మాట ఎక్కడ మొదలవుతుంది? చాలాచోట్ల అదే తాళం మీద. అంటే మాటలో మొదటి అక్షరమే మునుగుతున్నది. మన పిల్లల విషయంలో ఈ మొదటి అక్షరం ఎంత ముఖ్యమో కిందికి వచ్చినాక చెప్తాము.

ఏ పేరు చెప్పి వేసినారు?

వింటేజ్. పాతకాలపు రుచి. పాత తెలుగు సినిమా పాటల మాదిరి ఉంటుందని సభలో ఒకరు అన్నారు. ఆ పాటలు తయారైంది మన ఊళ్లోనే. 1950లలో, 60లలో మద్రాసు స్టూడియోల్లో పాడేవాళ్లూ వాయించేవాళ్లూ ఒకేచోట కూడి, ఒకేసారి పాడి వాయించి రికార్డు చేసినవి. ఒకరు తప్పితే అందరూ మొదటి నుంచి రావలసిందే. ఎన్ని రిహార్సల్సు చేసి ఉంటారు! గట్టి స్వరం దగ్గర మైకుకు కొంచెం ఎడంగా, మెత్తని మాట దగ్గర కొంచెం దగ్గరగా నిలవడం గాయకులకు తెలిసిన విద్య. వాళ్ల మెడే వాళ్ల కంప్రెసర్. ఘంటసాల పాట, లీల పాట, సుశీల పాట ఇవాళ వినబుద్ధి అవుతున్నదంటే ఆ సాధన వల్ల, ఆ గొంతు వల్ల, ఆ మాట పలికిన తీరు వల్ల. ఏదో ఒక పెట్టెలో దీపం వెలిగినందుకు కాదు. ఆ కష్టాన్ని వదిలేసి, ప్లగిన్ మీద ఉన్న పేరును మాత్రం తెచ్చుకుంటే అది పాతకాలం అవుతుందా?

ఇంకా ఒక మాట. మన అవ్వలు వింటేజ్ కాదు. పాడినవాళ్లలో జాస్తిమంది ఈ పొద్దుకూ మన మధ్యన ఉన్నారు. ఇంట్లో పెళ్లయితే ఇప్పటికీ నలుగు పాట వాళ్లదే. బ్రతికి ఉన్న మనిషి గొంతుకు పాతరంగు పూసి అద్దాల బీరువాలో పెట్టడం మర్యాద అనిపించుకోదు. రికార్డు వినేవాడికి ఆ అవ్వ పక్కన కూర్చుని పాడుతున్నట్టు ఉండాలి. అరవై ఏళ్ల కింద పోయిన మనిషి పాడినట్టు ఉండరాదు.

ఇక ఆ ఓటు సంగతి

సభలో రెండు రకాలూ వినిపించినారు. ముందు మా అసలు రికార్డింగు, తర్వాత స్టూడియోది. ఏది బాగుందో చెయ్యెత్తండి అన్నారు. స్టూడియోదానికి చేతులు లేచినాయి. ప్రజాస్వామ్యం అన్నారు.

రెండింటి మోత ఒకటిగా పెట్టి వినిపించినారా? లేదు. స్టూడియోది చాలా గట్టిగా ఉంది, వాల్యూము నాబు తాకనేలేదు. మనిషి చెవికి ఒక గుణం ఉంది. 1933లోనే అమెరికాలో బెల్ లాబొరేటరీసులో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు దీన్ని కొలిచి గీతలు గీసి చూపినారు. ధ్వని చిన్నదిగా ఉన్నప్పుడు లోతైన స్వరాలు చెవికి సరిగా ఆనవు. అదే ధ్వనిని పెంచితే నిండుగా ఉన్నట్టు అనిపిస్తుంది. పాట మారలేదు, మోత మారింది. అయినా చెవి "ఇదే బాగుంది" అంటుంది. మిక్సింగు చేసేవాళ్లలో తెలిసినవాళ్లు ఎవరైనా రెంటిని పోల్చేముందు రెండింటి మోతా సమానం చేస్తారు. ఇది ఆ విద్యలో ఓనమాలు.

రైల్వేలో గుమాస్తాగా ఉద్యోగం చేసినవాళ్లకు ఇది సులభంగా తెలుస్తుంది. ప్రతి వాగను మీద దాని టేరు, అంటే ఖాళీ బండి బరువు, రాసి ఉంటుంది. నిండిన వాగనును కాటా మీదికి ఎక్కించి, వచ్చిన బరువులో టేరు తీసేస్తేనే సరుకు బరువు. టేరు తీయకుండా సరుకు ఇంత అని రసీదు రాసిన గుమాస్తాకు ఆ సాయంత్రమే మెమో వస్తుంది. ఆ రోజు సభలో మనం చేసింది అదే. మోత అనే టేరు తీయకుండా పాటను తూచినాము. ఆ తూకం చెల్లదు.

సభ్యులను ఏమీ అనడం లేదు. వినిపించిన పద్ధతిలోనే తీర్పు రాసిపెట్టి ఉంది. అట్ల వినిపిస్తే ఎవరి చెయ్యి అయినా అటే లేస్తుంది.

మాకు చెప్పిన సమాధానాలు

ఒకటి, "ఫోనులో వినేవాళ్లకు గట్టిగా లేకపోతే వినపడదు." ఇందులో కొంత న్యాయం ఉంది. చిన్న స్పీకరులో మెత్తని మాటలు పోతాయి, అందుకని కొంచెం సర్దాలి. కొంచెం. అయితే గట్టిగా చేస్తే యూట్యూబులో గట్టిగా వస్తుంది అనుకోవడం పొరపాటు. యూట్యూబు తన లెక్క ప్రకారం, సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే మట్టం దాటినదాన్ని తానే కిందికి దించుతుంది. మనం పాటను నలిపి నలిపి మోత పెంచితే, వాళ్లు ఆ మోతను తీసేస్తారు. నలుగుడు మాత్రం మిగులుతుంది. దుడ్డు ఇచ్చి గాయం కొనుక్కున్నట్టు.

రెండు, "స్టూడియోకు డబ్బు కట్టేసినాము." కట్టినాము, నిజం. చెప్పులు కరుస్తున్నాయి అంటే డబ్బు పెట్టి కొన్నాము గదా నడువు అంటారా? రెండు ట్రాకులూ వాళ్ల దగ్గర ఉన్నాయి. ప్లగిన్ తీసి మళ్లీ పెట్టడం సుత్తి పట్టే పని కాదు. మర్యాదగా అడిగితే చేస్తారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఏమి కావాలో మనం చెప్పలేదు, వాళ్లు రోజూ చేసే సినిమా పాట మాదిరి చేసి ఇచ్చినారు.

మూడు, "అసలు ఫైళ్లు దాచాలంటే హార్డ్ డిస్కు ఖర్చు." దీనికి గుమాస్తా లెక్కే చెప్తాము. మా రికార్డింగు 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్. సెకనుకు 48,000 నమూనాలు, ఒక్కొక్క నమూనాకు 3 బైట్లు, అంటే సెకనుకు 1,44,000 బైట్లు. నిమిషానికి 86 లక్షల 40 వేలు. నలభై పాటలు, సగటున అయిదు నిమిషాలు వేసుకుంటే 200 నిమిషాలు. ఒక ట్రాకుకు 173 కోట్ల బైట్లు, రెండు ట్రాకులకు 346 కోట్లు. మొత్తం మూడున్నర జీబీ. పిల్లలు బడికి తీసుకుపోయే 16 జీబీ పెన్‌డ్రైవులో ఇది నాలుగుసార్లు పడుతుంది. మన సంఘం ఒక సమావేశానికి పెట్టే కాఫీ ఖర్చు దీనికంటే జాస్తి.

నాలుగు, "మీకేమి తెలుసు, మీరేమి సౌండు ఇంజినీర్లా?" కాము. కానీ ఆ పాటలు పాడినప్పుడు గదిలో ఉన్నది మేము. ఆ గొంతు ఎట్లుండిందో మాకు తెలుసు. వంటలో ఉప్పు ఎక్కువైందని చెప్పడానికి వంటవాడే కానక్కరలేదు.

ఎందుకింత పట్టుదల?

ఏమంటే మన దగ్గర వేరే ఏమీ లేదు.

మేము తమిళ మీడియంలో చదివినవాళ్లం. మాకు తెలుగు బడిలో రాలేదు, చెవిలో వచ్చింది. అమ్మ చెప్పిన మాట, అవ్వ పాడిన పాట. అక్షరాలు తర్వాత, ఉద్యోగంలో చేరినాక, సొంతంగా దిద్దుకున్నాము. మా తర్వాతివాళ్లకు దారి ఇంకా ఇరుకైంది. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. ఆ ఏడు ఒకటో తరగతితో మొదలుపెట్టి ఏటా ఒక్కొక్క తరగతిగా తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. తమిళం నేర్చుకోవడం మీద మాకు ఏ గొణుగుడూ లేదు. అది మనకు అన్నం పెట్టిన భాష, మేము ఆఫీసులో బ్రతికింది దానితోనే. కానీ తెలుగు అక్షరం రాని పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారనేది మీకూ తెలుసు, మాకూ తెలుసు. అవ్వను పాట్టి అని పిలుస్తున్నారు. పిలవనీ, పిలుపులో ప్రేమ ఉంది. కానీ ఆ పాట్టి పాట వాళ్లకు ఎట్ల అందుతుంది?

మనలో చాలా ఇళ్లల్లో పాటల నోటుబుక్కులు ఉన్నాయి. తెలుగు పాట, తమిళ లిపిలో రాసినది. తమిళ లిపిలో క-కూ గ-కూ ఒకటే అక్షరం. త-కూ ద-కూ ఒకటే. ప-కూ బ-కూ ఒకటే. ఖ, ఘ, భ వంటివాటి మాట చెప్పనే అక్కరలేదు. ఆ నోటుబుక్కు చూసి పాడే పిల్లకు "బాల" అనాలా "పాల" అనాలా ఎవరు చెప్తారు? "గాలి" అనాలా "కాలి" అనాలా? పుస్తకం చెప్పదు. చెప్పగలిగింది ఆ గొంతు ఒకటే. ఇప్పుడు పైన చెప్పిన చప్పట్ల సంగతి తలుచుకోండి. తాళం మీద పడిన మొదటి అక్షరాన్ని కంప్రెసర్ ముంచేస్తే, ఆ పిల్ల ఏమి వింటుంది? క అన్నదో గ అన్నదో తెలియని ఒక మూలుగు. నోటుబుక్కులో పోయినదే రికార్డులోనూ పోయింది. మన తెలుగు రెండుసార్లు మునిగింది.

మన పలుకులో ఒక సాగదీత ఉంది. ఆంధ్రావాళ్లు విని నవ్వుతారు, నవ్వనీ. తిరుత్తణి పక్క అవ్వ మాట చివర గొంతు తగ్గించి వదిలే తీరు వేరు, పెరంబూరు రైల్వే కాలనీలో పెరిగిన అవ్వ తీరు వేరు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. సరిహద్దు గీత జరిగింది గాని పలుకు జరగలేదు. అది ఇన్నేళ్లూ గొంతుల్లో నిలిచింది. ఆ తేడాలన్నీ ఎక్కడ ఉంటాయి? గట్టి మాటల్లో కాదు. మాట చివర తగ్గే చోట, రెండు మాటల మధ్య ఆగే చోట, ఊపిరిలో. ఎక్కడైతే కంప్రెసర్ ఒకే ఎత్తుకు లాగేస్తుందో సరిగ్గా అక్కడ.

ఆ పాడినవాళ్లలో ఇద్దరు మనల్ని వదిలి వెళ్లిపోయినారు. వాళ్లను మళ్లీ కూర్చోబెట్టి పాడించలేము. కంప్రెసర్ వేసిన పాట నుంచి అసలు పాటను తిరిగి తీయలేము. ఎంత అణిచినారో ఏ క్షణాన అణిచినారో ఆ పాటలో రాసి ఉండదు. పిండిన రసంలోంచి మళ్లీ చెరుకు చేయగలమా? అసలు ఫైలు ఉంటే ఇరవై ఏళ్ల తర్వాత మనకంటే బాగా తెలిసిన పిల్ల ఒకతె వచ్చి ఇంకా బాగా మిక్స్ చేస్తుంది. తీసేస్తే మనం చేసిన తప్పే చివరి మాట అవుతుంది.

మేము అడిగేవి

1. అసలు రికార్డింగులు ఏవీ తీసేయరాదు. రెండు ట్రాకులూ విడివిడిగా, మూడు నకళ్లు, మూడు వేరు వేరు ఇళ్లల్లో. ఏడాదికొకసారి తెరిచి పనిచేస్తున్నాయా అని చూసి రిజిస్టరులో సంతకం పెట్టాలి. ఆ రిజిస్టరు పని మేము ఒప్పుకుంటాము.

2. స్టూడియోలో ముందుగా చేత్తో సర్దాలి. బాగా గట్టిగా ఉన్న మాటను దించడం, మరీ మెత్తని మాటను కొంచెం ఎత్తడం. ఆ తర్వాత కావాలంటే ఆప్టికల్ కంప్రెసర్, అవ్వ గొంతు ట్రాకు మీద మాత్రమే, ముల్లు మూడు డెసిబెల్ దాటకుండా, మెత్తని మాట దగ్గర సున్నాకు వచ్చేటట్టు. చప్పట్లు ఉన్న ట్రాకు మీదా, రెండూ కలిపినదాని మీదా వద్దు.

3. అప్పగింత పాటలకు, జోలపాటలకు అసలు కంప్రెసర్ వద్దు. బిడ్డ నిద్రపోయేకొద్దీ గొంతు దిగాలి. దిగని జోలపాటకు ఏ బిడ్డ నిద్రపోతుంది?

4. "వింటేజ్" ముద్ర తీసేయాలి. ఆ చోట పాడిన అవ్వ పేరు, ఊరు, పాట ఏ సందర్భంలో పాడుతారో రాయాలి. ఇప్పుడు ప్లగిన్ వివరం పెద్ద అక్షరాల్లో ఉంది, అవ్వ పేరు లేదు. ఇది సిగ్గుపడవలసిన సంగతి.

5. మళ్లీ వినిపించి మళ్లీ ఓటు పెట్టాలి. మూడు రూపాలు, అంటే అసలుది, ఇప్పటి స్టూడియోది, పైన చెప్పినట్టు చేసినది. మూడింటి మోతా సమానం చేసి, ఏది ఏదో చెప్పకుండా ఒకటి, రెండు, మూడు అని మాత్రం చెప్పి వినిపించాలి. అప్పుడు ఏది గెలిచినా మేము ఒప్పుకుంటాము, నోరు మూసుకుని సీడీలు పంచుతాము.

ఉగాదికి ఆలస్యం అవుతుందని కొందరు అంటున్నారు. అయితే శ్రీరామనవమికి విడుదల చేద్దాం. పది రోజులు కూడా లేదు. ఈ పాటలు తరతరాలుగా నోటి నుంచి నోటికి వచ్చినవి. ఇంకొక వారం ఆగితే అలిగి వెళ్లిపోవు.

వచ్చే ఆదివారం కార్యవర్గ సమావేశానికి దయచేసి రండి. చెవిలో పెట్టుకునే హెడ్‌ఫోను ఉంటే తీసుకురండి, లేనివాళ్లకు మేము రెండు తెస్తాము. మీ ఇంటి అవ్వ పాడిన పాట ఏదో అడగండి, మూడు నిమిషాలు కళ్లు మూసుకుని వినండి. అది మీ అవ్వ గొంతేనా కాదా, మీకంటే బాగా చెప్పగలిగిన ఇంజినీరు ఎవరూ లేరు. విన్న తర్వాత చెయ్యెత్తండి.

ఇట్లు,
పాటలు సేకరించిన సభ్యుల తరఫున,
ఒక రిటైర్డు రైల్వే గుమాస్తా